దిబ్బకు కోట్లు, చెత్త వేరుచేసే చేతికి ఎంత?

నగరాల చెత్త దిబ్బల మీద ఇప్పుడు ప్రభుత్వాల దృష్టి పడింది. ఆ దిబ్బల నుంచి లేచే మీథేన్ వాయువును తగ్గించకుండా భూతాపాన్ని అదుపు చేయలేమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఇందుకోసం కేంద్రం నిధులు ఇస్తోంది, నగరపాలక సంస్థలు టెండర్లు పిలుస్తున్నాయి, కంపెనీలు యంత్రాలతో ముందుకు వస్తున్నాయి. ఇది స్వాగతించవలసిన పరిణామమే. అయితే ఈ డబ్బు ఎవరి చేతికి చేరుతోంది, ఎవరిని దాటిపోతోంది అన్న ప్రశ్న మాత్రం గట్టిగా వినిపించడం లేదు. ఆ ప్రశ్నను ఈ సంచికలో పాఠకుల ముందు ఉంచదలచాం.

ఈ ప్రశ్న మనమే ఎందుకు అడగాలి? చెన్నైలో, బెంగళూరులో వీధులు ఊడ్చే, చెత్త ఎత్తే, మురుగు కాలువలు శుభ్రం చేసే కార్మికుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. తమిళనాడు పశ్చిమ జిల్లాల అరుంధతీయుల్లో అనేకుల ఇంటి భాష కూడా తెలుగే. ఒకప్పుడు మునిసిపాలిటీలు, గనులు, కంటోన్మెంట్లు ఈ పని కోసమే మన పల్లెల నుంచి దళిత కుటుంబాలను తీసుకువచ్చాయి. తరాలు మారినా చాలా ఇళ్లలో పని మారలేదు. వారిలో ఎందరో మన సంఘాల సభ్యులు. ఆదివారం మన పక్కన కూర్చుని ప్రార్థించే అక్క, సోమవారం తెల్లవారక ముందే హాజరు వేయించుకోవడానికి చీపురుతో నిలబడుతుంది. కాబట్టి మీథేన్ నిధుల లెక్క మన ఇంటి లెక్కే.

దిబ్బలో వాయువు ఎలా పుడుతుంది?

మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, అరటాకులు, చేపల మార్కెట్ వ్యర్థాలు, వాడిన పూలు, ఇవన్నీ గాలి తగిలేచోట కుళ్లితే ఎరువు అవుతాయి. అవే ప్లాస్టిక్ సంచుల్లో మూటకట్టి దిబ్బలో పొరల కింద పూడ్చిపెడితే గాలి అందదు. గాలి అవసరం లేని సూక్ష్మజీవులు వాటిని తిని మీథేన్‌ను విడుస్తాయి. దిబ్బ నుంచి వచ్చే వాయువులో సుమారు సగం ఇదే. దిబ్బలు అంటుకున్నప్పుడు రోజుల తరబడి ఆరకపోవడానికీ ఇది ఒక కారణం. 2016 జనవరిలో ముంబయి దేవనార్ దిబ్బ, 2022 ఏప్రిల్‌లో చెన్నై పెరుంగుడి కుప్పమేడు అలాగే కాలాయి. ఆ పొగ ముందుగా చేరింది చుట్టుపక్కల బస్తీలకే.

20 ఏళ్ల కాలానికి లెక్కగడితే, మీథేన్ తనంత బరువున్న బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కానీ అది గాలిలో నిలిచేది సుమారు పన్నెండేళ్లే. అంటే ఈ రోజు తగ్గిస్తే ఫలితం మన పిల్లలు పెద్దవాళ్లయ్యేలోగానే కనిపిస్తుంది. మనుషుల పనుల వల్ల వెలువడే మీథేన్‌లో దాదాపు ఐదో వంతు చెత్త నుంచీ మురుగునీటి నుంచీ వస్తోంది. మన దేశంలో పట్టణాల చెత్త రోజుకు సుమారు 1.6 లక్షల టన్నులని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 నివేదిక లెక్క. అందులో ఇంచుమించు సగం తడి చెత్త.

ఈ వాయువు కంటికి కనిపించదు కాబట్టి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఉపగ్రహాలు దాన్ని పైనుంచి కొలుస్తున్నాయి. 2022లో వెలువడిన ఒక పరిశోధనలో బ్యూనస్ ఎయిర్స్, ఢిల్లీ, లాహోర్, ముంబయి నగరాల దిబ్బలను పరిశీలించారు. ముంబయిలోని ఒక దిబ్బ నుంచి గంటకు దాదాపు 10 టన్నుల మీథేన్ పైకి పోతున్నట్టు తేలింది.

ప్రతిజ్ఞలు, పథకాలు

2030 నాటికి మీథేన్‌ను 2020 స్థాయి కంటే 30 శాతం తగ్గిస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో వందకు పైగా దేశాలు ప్రతిజ్ఞ చేశాయి. భారత్ అందులో చేరలేదు. వరి పొలాల నుంచీ పశువుల నుంచీ వచ్చే మీథేన్ చిన్న రైతుల బతుకుతో ముడిపడి ఉందని మన ప్రభుత్వం కారణం చెప్పింది. ఆ మాటలో న్యాయం ఉంది. ఒక ఆవు, రెండెకరాల వరి ఉన్న రైతు మీద ధనిక దేశాల బరువు మోపకూడదు. అయితే చెత్త దిబ్బకు ఆ వాదన వర్తించదు. దిబ్బ ఎవరి జీవనాధారాన్నీ కాపాడటానికి పెరగలేదు. అక్కడ ఏరుకుని బతికేవారికి కూడా కుళ్లిన అన్నంతో పనిలేదు. వారికి కావలసింది దానిలో కలిసి పాడైపోతున్న కాగితం, ప్లాస్టిక్, ఇనుము.

2024లో బాకు సదస్సులో ముప్పైకి పైగా దేశాలు ప్రత్యేకంగా తడి చెత్త మీథేన్‌ను తగ్గిస్తామని ప్రకటన చేశాయి. మాటలు ఇంత దూరం వచ్చినా డబ్బు రాలేదు. ప్రపంచంలో వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి ఖర్చవుతున్న మొత్తంలో మీథేన్ తగ్గింపుకు వెళ్తున్నది 2 శాతం కంటే తక్కువని క్లైమేట్ పాలసీ ఇనిషియేటివ్ అధ్యయనాలు చెబుతున్నాయి.

మన దేశంలో నిధులు వాతావరణం పేరుతో కాక పారిశుద్ధ్యం పేరుతో, ఇంధనం పేరుతో వస్తున్నాయి. 2021 అక్టోబరు 1న మొదలైన స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ రెండో దశకు మొత్తం సుమారు 1,41,600 కోట్ల రూపాయలు అనుకున్నారు. అందులో కేంద్రం వాటా 36,465 కోట్లు. పాత దిబ్బలను తవ్వి తొలగించడానికి టన్నుకు 550 రూపాయల చొప్పున కేంద్ర సాయం లెక్కగట్టారు. తడి చెత్త, పేడ వంటి వాటి నుంచి వాహనాల గ్యాసు తయారు చేయడానికి 2018లో 'సతత్' పథకం తెచ్చి, 5,000 కేంద్రాలు పెట్టాలన్నారు. ఆ లక్ష్యం చాలా దూరంలోనే ఆగిపోయింది. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో గోబర్‌ధన్ పథకం కింద 10,000 కోట్ల పెట్టుబడితో మరో 500 కేంద్రాలు ప్రకటించారు.

డబ్బు ఏ చివర పడుతోంది?

చెన్నైనే చూద్దాం. పెరుంగుడి దిబ్బను తవ్వి జల్లించే పనికి సుమారు 350 కోట్లు, కొడుంగయ్యూర్ దిబ్బకు సుమారు 640 కోట్ల రూపాయల అంచనాలతో పనులు చేపట్టారు. పాత చెత్తను తవ్వి మట్టిని, ప్లాస్టిక్‌ను, రాళ్లను వేరుచేసి నేలను తిరిగి వాడుకలోకి తేవడం అవసరమే. దిబ్బ నుంచి కారే నల్లనీరు భూగర్భ జలాల్లోకి దిగకుండా ఆపాలన్నా అది జరగాలి. ఉత్తర చెన్నై పేదలు దశాబ్దాలుగా ఆ కంపు భరించారు. దిబ్బ పోవాలన్న వారి కోరికను మేము మనసారా బలపరుస్తున్నాం.

అయితే ఒక శాస్త్ర విషయాన్ని మరవకూడదు. మీథేన్ ఎక్కువగా పుట్టేది కొత్తగా పడిన తడి చెత్త నుంచి. ఏళ్ల కిందటి దిబ్బలో కుళ్లేదంతా చాలావరకు కుళ్లిపోయి ఉంటుంది. అమెరికాలో దిబ్బలకు మూతవేసి, గొట్టాలు దించి వాయువును పట్టే ఏర్పాట్లు మనకంటే మెరుగ్గా ఉంటాయి. అక్కడ కూడా పూడ్చిన ఆహార వ్యర్థాల మీథేన్‌లో 61 శాతం గొట్టాలకు చిక్కకుండా పోతోందని ఆ దేశ పర్యావరణ సంస్థ 2023లో ప్రకటించింది. అన్నం తొందరగా కుళ్లుతుంది, గొట్టాలు ఆలస్యంగా దిగుతాయి. అంటే పాత దిబ్బను ఒకవైపు తవ్వుతూ, కలగలిసిన కొత్త చెత్తను మరోవైపు పోస్తూ ఉంటే, నేల దొరుకుతుందేమో గానీ మీథేన్ తగ్గదు.

చెత్తను తగలబెట్టి కరెంటు తీద్దామన్న ప్రతిపాదనలకూ ఇదే చిక్కు. సగం తడిగా ఉన్న చెత్త మండదు. దాన్ని ఆరబెట్టడానికే శక్తి ఖర్చవుతుంది. కొడుంగయ్యూర్‌లో అలాంటి కేంద్రాన్ని పెట్టవద్దని స్థానికులు ఆందోళన చేశారు. దిబ్బ పొగ పోయి పొగగొట్టం పొగ వస్తే తమకు ఒరిగేదేమిటని వారు అడగడం సమంజసమే.

తడి చెత్తను మొదటి రోజే వేరుచేసిన చోట్ల ఫలితం వేరుగా ఉంది. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన కేంద్రం సామర్థ్యం రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి 17,000 కిలోల గ్యాసు. అంటే టన్నుకు 31 కిలోలు. ఆ నగరంలో ఇంటి గుమ్మం దగ్గరే తడి, పొడి వేరుగా తీసుకోకపోతే ఆ యంత్రం నడవదు. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల వ్యర్థాలతో వాయువు తీసి, సుమారు 500 యూనిట్ల విద్యుత్తు చేసే ఏర్పాటు ఉంది. మార్కెట్ చెత్త పుట్టుకతోనే తడి చెత్త కాబట్టి అక్కడ పని తేలికైంది.

మన వాళ్లు తరాలుగా స్థిరపడిన ఊళ్లలోనే ఇంకో దారి కూడా ఉంది. బరంపురంతో సహా ఒడిశా పట్టణాల్లో వార్డుల దగ్గరే చిన్న ఎరువు కేంద్రాలు పెట్టి, వాటి నిర్వహణను స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించారు. అక్కడ తయారైన ఎరువును 'మో ఖత' పేరుతో అమ్ముతున్నారు. పుణెలో 2008 నుంచి చెత్త ఏరుకునేవారి సహకార సంస్థ 'స్వచ్ఛ్' నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంటింటి సేకరణ చేస్తోంది. బెంగళూరులో మండూరు, మావళ్లిపుర గ్రామాల ప్రజలు తమ ఊళ్లలో చెత్త పోయవద్దని పోరాడిన తరువాతే నగరం వేరుచేయడం గురించి గట్టిగా ఆలోచించింది. అక్కడ ఏరుకునేవారికి గుర్తింపు కార్డులు వచ్చాయి. కొన్ని వార్డుల్లో పొడి చెత్త కేంద్రాలను నడిపే బాధ్యత కూడా వారికి దక్కింది.

పెద్ద యంత్రమైనా, చిన్న ఎరువు గుంత అయినా, అన్నిటికీ మొదటి మెట్టు ఒక్కటే. ఇంటి దగ్గర వేరుచేసిన చెత్తను మళ్లీ కలపకుండా తీసుకువెళ్లే మనిషి కావాలి. కలిపి ఇచ్చిన ఇంటివారికి నచ్చజెప్పాలి, బండిలో చేయిపెట్టి అన్నంలోంచి ప్లాస్టిక్‌ను ఏరాలి. మీథేన్ పుట్టకుండా ఆపుతున్నది ఆ చేయి. నిధుల పట్టికలో ఆ చేతికి పద్దు లేదు.

పద్దు ఎందుకు లేదు?

ఎవరో కావాలని తొలగించారని మేము అనడం లేదు. మన ప్రభుత్వ ఆర్థిక పద్ధతే అలా ఉంది. కేంద్ర పథకాల డబ్బు చాలావరకు మూలధన వ్యయానికి, అంటే షెడ్డుకు, యంత్రానికి, వాహనానికి, దిబ్బ తవ్వకానికి వస్తుంది. ఊడ్చేవారి, ఎత్తేవారి, వేరుచేసేవారి జీతం నగరపాలక సంస్థ సొంత ఆదాయం నుంచి రావాలి. ఆ ఆదాయం చాలని ప్రతిసారీ కోత పడేది జీతాల మీదే. పనిని కాంట్రాక్టుకు ఇచ్చేస్తారు. కాంట్రాక్టరు టన్నుల లెక్కన డబ్బు తీసుకుంటాడు కాబట్టి బరువు పెరిగితే అతనికి లాభం, చెత్త వేరుచేస్తే నష్టం. కోట్లు పోసి కొన్న యంత్రానికి చివరకు కలగలిసిన చెత్తే చేరుతుంది. యంత్రం మూలపడుతుంది. దేశంలో మూలపడిన ఎరువు కేంద్రాల, గ్యాసు కేంద్రాల కథల్లో చాలావాటి వెనుక ఉన్నది ఇదే.

2025 ఆగస్టులో చెన్నై రిప్పన్ భవనం ముందు పారిశుద్ధ్య కార్మికులు 13 రోజులు కూర్చున్నారు. రెండు మండలాల పనిని ప్రైవేటుకు అప్పగిస్తే తమ నెల జీతం సుమారు 23 వేల నుంచి 17 వేలకు పడిపోతుందన్నది వారి ఆవేదన. వారిలో ఎక్కువమంది మహిళలు. ఆగస్టు 13 రాత్రి పోలీసులు వారిని అక్కడి నుంచి తొలగించారు. దిబ్బలకు వందల కోట్లు కేటాయించిన నగరంలోనే, దిబ్బకు చేరేలోపు చెత్తను పట్టుకునే వారి జీతం తగ్గుతుందేమోనన్న భయం అది. అదే ఏడాది మే 1న బెంగళూరులో 12 వేలకు పైగా పౌరకార్మికులకు శాశ్వత నియామక పత్రాలు ఇచ్చారు. ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఫలితమది. రెండూ పొరుగు రాష్ట్రాల రాజధానులే. తేడా నిధుల కొరతలో లేదు, నిర్ణయంలో ఉంది.

వాయువు ప్రాణాలు తీయడం మన వాళ్లకు కొత్త విషయం కాదు. సెప్టిక్ ట్యాంకుల్లో, మురుగు కాలువల్లో మలిన పదార్థం కుళ్లి పుట్టే మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులే అందులో దిగినవారి ఊపిరి ఆపుతున్నాయి. కోలార్ బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ పాకీ పని నిర్మూలనకు జీవితం అంకితం చేశారు. 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. 2013లో చట్టం వచ్చింది. మురుగులో మరణించినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మరణాలు ఆగలేదు. వాతావరణానికి మీథేన్ ప్రమాదమని ఇప్పుడు ప్రపంచం గుర్తించింది. అదే వాయువుకు మన బిడ్డలు ఎప్పటి నుంచో బలవుతున్నారన్న మాట కూడా నిధుల సమావేశాల్లో వినపడాలి.

మేము కోరేది

మొదటిది. పాత దిబ్బ తవ్వకానికి టన్నుకు ఇంత అని లెక్కగట్టినట్టే, దిబ్బకు చేరకుండా ఆపిన ప్రతి టన్ను తడి చెత్తకూ కేంద్రం, రాష్ట్రం ఒక మొత్తం నిర్ణయించాలి. అది వేరుచేసిన కార్మికుల వేతనంలోకి గానీ, వారి సహకార సంఘం ఖాతాలోకి గానీ నేరుగా చేరాలి. జీతాలు మూలధనం కాదన్న అభ్యంతరం వస్తుంది. యంత్రానికి ఇంధనం లేకుండా మూలధనం వృథా అయినప్పుడు, ఆ ఇంధనాన్ని శుభ్రంగా అందించే పనిని పథకంలో భాగంగానే చూడాలి. కనీసం యంత్రం నడిచే మొదటి ఐదేళ్లకైనా ఈ మాట ఒప్పుకోవాలి.

రెండవది. మీథేన్ తగ్గింపు పేరుతో ఇచ్చే ప్రతి టెండరులో కార్మికుల షరతులు ఉండాలి. ఇప్పుడున్న జీతం తగ్గకూడదు. పీఎఫ్, ఈఎస్‌ఐ, చేతి తొడుగులు, బూట్లు, మంచినీరు, మరుగుదొడ్డి, మహిళలు బట్టలు మార్చుకోవడానికి గది ఉండాలి. వీటికి డబ్బు లేదనే సంస్థకు కోట్ల యంత్రం కొనే అర్హత ఉండకూడదు.

మూడవది. దిబ్బ మీద ఏరుకునే కుటుంబాలను లెక్కించి, వారికి ప్రత్యామ్నాయం చూపకుండా దిబ్బ మూసే నిధిని విడుదల చేయకూడదు. 2024లో కేంద్రం చెత్త ఏరుకునేవారిని కూడా 'నమస్తే' పథకంలోకి తెచ్చింది. ఆ గుర్తింపు కాగితం మీదే ఆగిపోకూడదు. రూతు పొలంలో పరిగె ఏరుకున్న కథ మనకు తెలుసు. అక్కడ ఆమెకు దక్కినది బోయజు దయ మాత్రమే కాదు. పరిగెను పేదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని ధర్మశాస్త్రం ముందే చెప్పింది. ఏరుకునేవారి హక్కు పొలం యజమాని ఇష్టానికి వదిలేసింది కాదు. ఈ రోజు దిబ్బకు కంచె వేసి, గేటు దగ్గర కాపలా పెట్టి, లోపలి ఇనుమూ ప్లాస్టిక్కూ కాంట్రాక్టరుకు రాసిచ్చినప్పుడు మనం అడగవలసింది ఆ హక్కునే.

నాలుగవది. మీథేన్ ఆపినందుకు కార్బన్ క్రెడిట్ల రూపంలో ఆదాయం వస్తే అందులో కార్మికులకు వాటా ఉండాలి. ఢిల్లీలోని తిమార్‌పూర్-ఓఖ్లా దహన కేంద్రం ఐక్యరాజ్య సమితి కార్బన్ క్రెడిట్ల పథకంలో నమోదైనప్పుడు, తమ బతుకు పోతుందని అక్కడి చెత్త ఏరుకునేవారు నిరసన తెలిపారు. వాతావరణాన్ని కాపాడే డబ్బు పేదల కూడు తీసేలా ఇంకోసారి ఖర్చు కాకూడదు.

మన సంఘాల వంతు

ప్రియ పాఠకులారా, ఇవన్నీ ఢిల్లీలోనో బెంగళూరులోనో తేలే విషయాలని వదిలేయకండి. టెండరు ప్రకటనలు, వార్డు సమావేశాల నోటీసులు, జీతాల ఉత్తర్వులు తమిళంలో, కన్నడంలో, మరాఠీలో, ఒడియాలో వస్తాయి. వాటిని చదవలేని కార్మికులు మన సంఘాల్లో ఉన్నారు, చదవగల యువతీయువకులూ ఉన్నారు. నెలకొక సాయంత్రం వారిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి. మీ ఊరి దిబ్బకు ఎంత వచ్చింది, ఎవరికి వెళ్లింది, వేరుచేసే పనికి ఎంత కేటాయించారు అని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. దానికి పది రూపాయల రుసుము, ఒక కాగితం చాలు. యానాం వంటి చిన్న పట్టణంలో అయితే ఆ జవాబు నేరుగా మునిసిపల్ కార్యాలయంలోనే రాబట్టవచ్చు.

ఇంకో పని మన ఆవరణలోనే ఉంది. పంట పండుగకు, క్రిస్మస్‌కు, పెళ్లిళ్లకు మన ప్రాంగణాల్లో వందలమందికి భోజనాలు పెడతాం. మిగిలిన అన్నం, విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు ఒకే గోనెలో కుక్కి గేటు బయట పెడితే, తెల్లవారి వాటిని విప్పి చేతులతో విడదీసేది మన సంఘంలోని అక్కే కావచ్చు. రెండు డబ్బాలు పెట్టడానికి ఏ నిధీ అక్కర్లేదు. పాత సంఘాల ఆవరణల్లో చెట్లున్నాయి, ఖాళీ నేల ఉంది. ఆకులకూ మిగిలిన కూరలకూ అక్కడే ఒక ఎరువు గుంత తవ్వుకోవచ్చు. ముందు మన గేటు దగ్గర వేరుచేసి, తరువాత కార్పొరేషన్ మెట్లెక్కితే మన ప్రశ్నకు బలం వస్తుంది.

కూలివాని జీతం బిగబట్టడాన్ని అన్యాయమని చెప్పే గ్రంథాన్ని మనం చేతపట్టుకుని నడుస్తున్నాం. మీథేన్ నిధులు రానున్న ఏళ్లలో పెరుగుతాయి. వాటి మొదటి పద్దు పారిశుద్ధ్య కార్మికుల వేతనమయ్యేదాకా, ప్రతి బడ్జెట్ సమావేశానికి ముందూ, ప్రతి టెండరుకు ముందూ ఈ నాలుగు కోరికలను మీ కౌన్సిలరుకు, మీ కమిషనరుకు రాతపూర్వకంగా అందించండి. వారిచ్చే జవాబులను మాకు పంపండి. వచ్చే సంచికల్లో వాటిని ఊరి పేరుతో ప్రచురిస్తాం.